అక్వేరియం స్టాండుకు నాలుగు కాళ్ళా, ఆరు కాళ్ళా?

ప్రశ్న: మేము విజయవాడలో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నాము. నాలుగడుగుల పొడవు, అడుగున్నర వెడల్పు, రెండడుగుల ఎత్తు ఉన్న గాజు అక్వేరియం ఒకటి చేయించుకున్నాము. ఊళ్ళో తాతగారి పెంకుటిల్లు విప్పినప్పుడు దాచిన టేకు దూలాలతో దానికి స్టాండు, పైన లైట్లు అమర్చే హుడ్ చేయించాలని మా కోరిక. మేస్త్రీగారు నాలుగు కాళ్ళు చాలంటున్నారు. తొట్టి చేసిన షాపువారు మాత్రం చెక్క ఆగదని, ఇనుప స్టాండే తీసుకోమని అంటున్నారు. ఎవరి మాట వినాలి?
(ఒక పాఠకుడు, విజయవాడ)

జవాబు: చెక్క ఆగుతుంది. ఏళ్ళ తరబడి ఇంటికప్పును మోసిన టేకు పూర్తిగా ఆరిపోయి ఉంటుంది కనుక, కొత్తగా కోసిన చెక్కలా తరవాత వంకర పోతుందన్న భయం దాదాపు ఉండదు. కోతకు పంపేముందు దూలాల్లోని పాత మేకులన్నీ తీయించండి, లేకపోతే రంపం పళ్ళు దెబ్బతింటాయి. గోడలో కూర్చుని ఉన్న కొనలకు ముందుగా తేమ తగిలి ఉంటుంది కాబట్టి, అక్కడ స్క్రూడ్రైవర్‌తో గుచ్చి చూడండి. మొన మెత్తగా దిగితే ఆ భాగం పుచ్చినట్టే. గట్టి చెక్క తగిలే వరకు కోసి తీసేయించండి.

ఇక బరువు సంగతి. అంచుకు రెండంగుళాలు తక్కువగా నింపినా మీ తొట్టిలో 310 లీటర్ల దాకా నీరు పడుతుంది, అంటే 310 కిలోలు. 10 మిల్లీమీటర్ల గాజైతే తొట్టి బరువే 65 కిలోల దాకా ఉంటుంది. అడుగున రెండంగుళాల ఇసుక పోస్తే అది మరో 45 కిలోలు. అన్నీ కలిపి 420 కిలోల దాకా రాత్రింబవళ్ళు ఒకేచోట నిలిచి ఉంటాయి.

నాలుగు కాళ్ళ స్టాండు ఈ బరువుకు విరగదన్న మేస్త్రీగారి మాట నిజమే. అయితే ఇక్కడ చూడవలసింది విరగడం ఒక్కటే కాదు, వంగడం కూడా. మూడంగుళాల ఎత్తు, రెండంగుళాల మందం ఉన్న టేకు కమ్మిని నాలుగడుగుల దూరంలో రెండు కాళ్ళ మీద ఆనించి, ఈ బరువులో సగం (మిగతా సగం వెనక కమ్మిది) దాని మీద పెడితే, నడుమ దాదాపు 3 మిల్లీమీటర్లు కిందికి దిగుతుంది. మంచానికో బల్లకో అది లెక్కలోది కాదు కానీ, గాజు అడుగుకు అది పెద్ద దూరమే. తొట్టి రెండు కొనల మీదే ఆని నడుమ ఆసరా కోల్పోతే, పగులు ఈరోజే రాకపోయినా ఒక రాత్రి ఎప్పుడైనా రావచ్చు. ముందు కమ్మికీ వెనక కమ్మికీ నడుమ ఒక్కొక్క కాలు ఇస్తే ఆ వంగుడు పావు మిల్లీమీటరు లోపుకు వస్తుంది. కనుక ఆరు కాళ్ళు పెట్టించండి. ముందు వైపు నడిమి కాలు రెండు తలుపులకు మధ్య వస్తుంది కాబట్టి అందానికీ లోటుండదు. లోపల పెద్ద సంప్ (నీళ్ళను వడకట్టే కింది తొట్టి) పెట్టుకోవాలని ఆ కాలు వద్దనుకుంటే, ముందు కమ్మి ఎత్తు కనీసం ఐదంగుళాలు ఉండాలి.

అన్నిటికన్నా ముఖ్యమైన విషయం ఒకటి మేస్త్రీగారితో తప్పకుండా మాట్లాడండి. పై చట్రం కాళ్ళ తలల మీద కూర్చోవాలే తప్ప, కాళ్ళ పక్కన స్క్రూలతో వేలాడకూడదు. అలా కూర్చున్నప్పుడు బరువు చెక్కలోంచి చెక్కలోకి, అక్కడి నుంచి నేలలోకి దిగుతుంది, స్క్రూలు చట్రాన్ని పట్టి ఉంచడానికే మిగులుతాయి. కాళ్ళను కలిపే అడ్డకమ్మిల కొనలను నాలుకలా చెక్కి, కాళ్ళలో తొలిచిన బెజ్జాల్లో దించి, నీటికి తట్టుకునే జిగురుతో బిగించే మన పాత పద్ధతి దీనికి చక్కగా సరిపోతుంది. వెనక వైపు 12 మిల్లీమీటర్ల ప్లైవుడ్ కొడితే స్టాండు పక్కలకు ఊగదు. పైన పరిచే ప్లైవుడ్ 18 మిల్లీమీటర్లది, ఐఎస్ 710 ముద్ర ఉన్నది, అంటే నీటికి తట్టుకునే మెరైన్ ప్లై, తీసుకోండి. నా మొదటి స్టాండుకు డబ్బు ఆదా అవుతుందని మామూలు కమర్షియల్ ప్లై వేయించాను. నీళ్ళు మార్చేటప్పుడు పైపు నుంచి పడ్డ చుక్కలకే దాని అంచు ఏడాది తిరగకుండా ఉబ్బి, పొరలు విడిపోయాయి.

చట్రం తయారయ్యాక రసమట్టం ఒక్కటే పెట్టి సరే అనుకోకండి. నాలుగు మూలల్లోనూ ఒకే ఎత్తులో చిన్న మేకులు కొట్టి, ఎదురెదురు మూలలకు రెండు దారాలు బిగించి కట్టించండి. అవి నడుమ ఒకదాన్నొకటి తాకీ తాకనట్టు ఉంటే చట్రం చదునుగా ఉన్నట్టు. మధ్యలో సందు కనిపించినా, ఒక దారం రెండోదాన్ని నొక్కినా చట్రం మెలిక తిరిగిందని అర్థం, ఎత్తుగా ఉన్న మూలను చిత్రిక పట్టించాలి. ఆ తరవాతే థర్మోకోల్ పరచి తొట్టిని పెట్టండి. థర్మోకోల్ సన్నని గరుకును సర్దుతుంది కానీ మెలికను సర్దలేదు.

మూడో అంతస్తు అన్నారు కాబట్టి నేల గురించి కూడా చెప్పాలి. నివాస గదులకు చదరపు మీటరుకు 200 కిలోల లెక్కన స్లాబు వేస్తారు. మీ స్టాండు కింద, ఆ కొద్ది చోటులోనే, చదరపు మీటరుకు 750 కిలోల దాకా పడుతున్నాయి. స్లాబు ఆ బరువును చుట్టూ పంచుకుంటుంది కనుక కంగారు పడనక్కరలేదు కానీ, గది నడుమ మాత్రం పెట్టకండి. కింద బీము ఉన్న గోడ వెంబడి, బీమును అనుసరించి పొడవుగా పెట్టండి. బీము ఎక్కడుందో తెలియకపోతే ఫ్లాట్ ప్లాను చూపించి ఇంజనీరును అడగండి.

హుడ్‌కు దూలం చెక్క అక్కరలేదు, అది తేలిగ్గా ఉండాలి. 12 మిల్లీమీటర్ల మెరైన్ ప్లైతో ఎనిమిదంగుళాల ఎత్తు పెట్టె చేసి, కనిపించే అంచులకు మిగిలిన టేకు పట్టీలు వేయించండి. లోపలి గోడలకు చుట్టూ చిన్న పట్టీ కొడితే, అది గాజు అంచు మీద ఆని హుడ్‌ను నిలబెడుతుంది. లోపలి తలాలకు, ముఖ్యంగా కోసిన అంచులకు, తెల్లని పీయూ (పాలియురెథేన్) పెయింటు మూడు పూతలు పడాలి. కీళ్ళూ స్క్రూలూ స్టెయిన్‌లెస్ స్టీలువే వాడండి. వెనక భాగం తెరిచి వదలండి, మీ ఊరి ఎండాకాలంలో మూసిన పెట్టెలో నీళ్ళు మరింత వేడెక్కుతాయి. లైటు తీగ ప్లగ్గు కన్నా కిందికి ఒక వంపు తిరిగి మళ్ళీ పైకి వెళ్ళాలి. అప్పుడు తీగ వెంట జారిన నీటిచుక్క ఆ వంపు దగ్గరే రాలిపోతుంది, సాకెట్‌లోకి చేరదు.

ప్రశ్న: హుడ్‌కు పాలిష్ వేయించి, మర్నాడే తొట్టి మీద పెట్టాము. సాయంత్రానికి చేపలన్నీ పైకి వచ్చి నోళ్ళు తెరుస్తున్నాయి. పాలిష్ నీళ్ళలో పడలేదు కదా, ఎందుకిలా అయింది?
(ఒక పాఠకురాలు, కాకినాడ)

జవాబు: ముందు హుడ్ తీసి బాల్కనీలో పెట్టండి, గది కిటికీలు తెరవండి, మూడో వంతు నీళ్ళు మార్చండి. పాలిష్ చుక్క నీళ్ళలో పడనక్కరలేదమ్మా. ఎయిర్ పంపు గదిలోని గాలినే లాగి నీళ్ళలోకి బుడగలుగా పంపుతుంది కాబట్టి, గదిలో పాలిష్‌లో కలిపే థిన్నర్ ఆవిరి ఉంటే అదీ దానితో పాటే వెళుతుంది. ఆవిరి పూర్తిగా పోయేదాకా పంపును గది బయట, మంచి గాలి ఆడే చోట ఉంచి పొడవాటి గొట్టంతో లోపలికి తెచ్చుకోండి. పంపు ఆపేస్తే ప్రాణవాయువు మరింత తగ్గుతుంది కనుక దాన్ని ఆపకండి. మీ హుడ్‌కు చెద మందు కూడా కొట్టించారేమో వడ్రంగిని అడగండి. చెద మందుల్లో చాలా వాటిలో ఉండే క్లోర్‌పైరిఫాస్ వంటి రసాయనాలు చేపలకు అతి తక్కువ మోతాదులోనే ప్రాణాంతకం. కొట్టించి ఉంటే ఆ హుడ్‌ను ఇక వాడకండి. కొట్టకపోతే కనీసం రెండు వారాలు ఆరనిచ్చి, ముక్కు దగ్గర పెట్టుకున్నా ఏ వాసనా రాదన్నప్పుడే మళ్ళీ తొట్టి మీదికి ఎక్కించండి.