చిల్లు పూడ్చబోతే చిల్లే పెద్దదవుతోంది

ప్రశ్న: మా పాత మారుతి 800లో డ్రైవర్ కాళ్ల కింద ఫ్లోర్ తుప్పు తిని అరచేయంత చిల్లు పడింది. గేట్లు, గ్రిల్స్ అతికే ఆర్క్ మిషన్ ఇంట్లోనే ఉంది. 2.5 మి.మీ. రాడ్‌తో అతకబోతే రేకు కరిగి చిల్లు ఇంకా పెరుగుతోంది. ఎక్కడ పొరపాటు? (విశాఖపట్నం పాఠకుడు)

జవాబు: పొరపాటు మీ చేతిలో లేదు, మిషన్‌లో ఉంది. కారు ఫ్లోర్ రేకు మిల్లీమీటరు మందం కూడా ఉండదు. 2.5 రాడ్ నిలకడగా వెలగాలంటే 60 ఆంపియర్ల పైమాటే. 0.8 మి.మీ. రేకుకు 30, 40 ఆంపియర్లు చాలు. గేటు పైపుకు సరిపోయే వేడి రేకుకు ఎక్కువే. గ్యాస్ వాడే మిగ్ మిషన్ (రాడ్ బదులు సన్న తీగ దానంతట అదే వచ్చే వెల్డింగ్ మిషన్) తీసుకోండి. షాపుల్లో సీఓటూ వెల్డింగ్ అనేది దీన్నే. తీగ 0.6 మి.మీ. దొరికితే మేలు, లేకపోతే 0.8. రకం ఈఆర్ 70ఎస్-6 (మామూలు ఉక్కుకు వాడే తీగ). గ్యాస్ ఆర్గాన్ 80, కార్బన్ డయాక్సైడ్ 20 పాళ్ల మిక్స్. ఫ్లో నిమిషానికి 8 నుంచి 10 లీటర్లు. ఒట్టి కార్బన్ డయాక్సైడ్ చవకే, కానీ రవ్వలు ఎక్కువ ఎగురుతాయి, పల్చటి రేకు మీద అదుపు తగ్గుతుంది.

ముందు తుప్పును కోసేయాలి. స్క్రూడ్రైవర్ మొనతో చిల్లు చుట్టూ పొడుస్తూ పొండి. మొన దిగినంత మేరా రేకు పోయినట్టే లెక్క. మెరిసే గట్టి రేకు తగిలేదాకా కోయండి, మూలలు గుండ్రంగా ఉంచండి. అతుకుకు 20 గేజ్ సీఆర్ షీట్ (పూత లేని ఉక్కు రేకు) చాలు, మందం సుమారు 0.9 మి.మీ. జీఐ షీట్ (జింకు పూత వేసిన రేకు) వద్దు. జింకు పూత కాలిన పొగ పీలిస్తే ఆ రాత్రికి చలిజ్వరం రావచ్చు. ముక్క చుట్టూ అర మిల్లీమీటరు సందు వదలండి. రెండు వైపులా అంగుళం వెడల్పున పెయింటు, అండర్‌కోట్ గీకి తెల్ల లోహం తేల్చండి.

ఇక అసలు పని. గీత లాగినట్టు వెల్డ్ లాగకూడదు, చుక్క పెట్టి చేయి తీయాలి. టార్చి (తీగ బయటికి వచ్చే చేతి గన్) ట్రిగ్గర్ నొక్కేది అర సెకను నుంచి ఒక సెకను. వదిలాక వెల్డింగ్ మాస్కు అద్దంలోంచి చూస్తే చుక్క నారింజ రంగులోంచి ముదురు ఎరుపుకు, అక్కడి నుంచి బూడిద రంగుకు దిగుతుంది. ఎరుపు పోయేదాకా పక్కన ఇంకో చుక్క వేయకండి. ముందు నాలుగు మూలలా నాలుగు, తర్వాత వాటి మధ్య అంగుళానికొకటి, ఆపై సందుల్లో. ఒకటి ఈ చివర అయితే తర్వాతది ఆ చివర. అయినా చిల్లు పడే చోట వెనక రాగి పట్టీ ఆనించండి. అది వేడిని లాగేస్తుంది, కరిగిన ఇనుము దానికి అంటదు. కారు మీద చేయి పెట్టేముందు అదే మందం తుక్కు రేకు మీద ఓ గంట సాధన చేయండి. వెనక్కి తిప్పి చూస్తే ప్రతి చుక్క దగ్గరా చిన్న ఉబ్బు కనిపించాలి. లేదంటే అతుకు పైపైనే పడిందని అర్థం.

ప్రశ్న: తుప్పు కోయకుండా దాని మీదే కొత్త రేకు పరిచి చుట్టూ వెల్డ్ చేస్తే సరిపోదా? (కాకినాడ పాఠకుడు)

జవాబు: చాలా డెంటింగ్ షెడ్లలో జరిగేది అదే, మళ్లీ తుప్పు పట్టేది కూడా అక్కడే. రెండు రేకుల మధ్య చేరిన తేమ బయటికి పోదు. సముద్రపు గాలి తగిలే ఊళ్లో మరీ త్వరగా తినేస్తుంది. ఒకదాని మీద ఒకటి వేయక తప్పని చోట పై రేకుకు 6, 8 మి.మీ. బెజ్జాలు 30, 40 మి.మీ.కొకటి వేసి, రెండు రేకుల మధ్య జింకు ప్రైమర్ పూసి, బెజ్జాల అడుగున దాన్ని గీకి, బెజ్జం నిండేలా వెల్డ్ చేయండి. పైన ఎపాక్సీ ప్రైమర్, అంచుల్లో సీమ్ సీలర్ (సందుల్లోకి నీరు దిగకుండా పూసే ముద్ద), మూసుకుపోయే డొల్లల్లో మైనం స్ప్రే.

ప్రశ్న: డోర్ రేకు అతికాక అలలు తేలింది. పుట్టీ మందంగా పెట్టవచ్చా? (వరంగల్ పాఠకుడు)

జవాబు: పెట్టకండి, పగులుతుంది. వెల్డ్ చల్లారేటప్పుడు ముడుచుకుని చుట్టూ ఉన్న రేకును లాగుతుంది, అలలకు కారణం అదే. వెనక డాలీ (సుత్తి దెబ్బకు ఆనించే ఇనుప దిమ్మ) ఆనించి వెల్డ్ గీత మీదే సుత్తితో నెమ్మదిగా కొడితే ఆ ముడుచుకున్న లోహం సాగుతుంది. తడిగుడ్డ వేయకండి, కంప్రెసర్ గాలితో చల్లార్చండి. గ్రైండర్ కూడా వేడి పుట్టిస్తుంది. ఒకే చోట నొక్కి పట్టకుండా 60 నంబరు ఫ్లాప్ డిస్క్‌ను చేయి ఆనించగలిగినంత వేడిలోనే తిప్పండి.

ప్రశ్న: వెల్డ్ నిండా బుడగలు, స్పాంజిలా ఉంది. గ్యాస్ సిలిండర్ నిండుగానే ఉంది. (నెల్లూరు పాఠకుడు)

జవాబు: ఫ్యాన్ ఆపారా? ఎండాకాలం అందరూ చేసే పని అదే. ఆ గాలికి గ్యాస్ తెర చెదిరిపోతుంది. ఫ్యాన్ కాకపోతే నూనె, తుప్పు, మిగిలిన పెయింటు కారణం. గ్యాస్ లేని ఫ్లక్స్ తీగ (లోపల పొడి నిండిన తీగ) వాడుతుంటే పోలారిటీ, అంటే టార్చి ప్లస్‌కు తగిలించారా మైనస్‌కా, చూడండి. దానికి టార్చి నెగెటివ్‌కు, గ్యాస్‌తో వాడే ఒట్టి తీగకు పాజిటివ్‌కు.

ప్రశ్న: పెట్రోలు ట్యాంకు దించకుండా వెనక ఫ్లోర్ అతకవచ్చా? (ఖమ్మం పాఠకుడు)

జవాబు: వద్దు. ఖాళీ ట్యాంకు మరీ ప్రమాదం, లోపల నిండేది ఆవిరే. ట్యాంకు దించి దూరంగా పెట్టండి, పైపుల దారి చూసుకోండి. కార్పెట్, ఫోము, ఫ్లోర్‌కు అంటించిన తారు షీట్ తీసేయండి. మంట ఎప్పుడూ మీకు కనపడని వైపే అంటుకుంటుంది. బ్యాటరీ నెగెటివ్ విప్పండి, ఎర్త్ క్లాంప్ (మిషన్ రెండో కేబుల్‌ చివరి పట్టు) అతుకు పక్కనే బిగించండి. పాలిస్టర్ చొక్కా వద్దు, నూలుదే వేసుకోండి. అగ్నిమాపక సిలిండర్ చేతికందే చోట ఉండాలి. పని అయ్యాక అరగంట కారు దగ్గరే కూర్చోండి.