సమోవాలో ఓట్లా, పెద్దల పాలనా?

మీ పాప ప్రాజెక్టు కోసం వెతికితే ఒకచోట పసిఫిక్ సముద్రంలోని ద్వీపదేశం సమోవా ప్రజాస్వామ్యమనీ, ఇంకోచోట కుటుంబ పెద్దల పాలన అనీ ఉంది, ఏది రాయాలి అన్నారు కదండీ. రెండూ రాయించండి, రెండూ నిజమే.

అక్కడ ప్రతి పెద్ద కుటుంబానికీ మతాయ్ అనే బిరుదున్న పెద్ద ఉంటారు. ఈ బిరుదు తండ్రి నుంచి కొడుక్కి దానంతటదే రాదు, బంధువులంతా కూర్చుని ఒప్పుకోవాలి. ఆడవాళ్లకూ ఇస్తారు. ఊరి సభ గోడల్లేని ఇంట్లో జరుగుతుంది. ఎవరు ఏ స్తంభానికి ఆనుకుని కూర్చోవాలో వాళ్ల హోదాను బట్టి ఉంటుంది. కొబ్బరి చిప్పలో 'అవ' అనే పానీయం అందించడంలోనూ అదే వరస.

ఇక పార్లమెంటు. 21 ఏళ్లు నిండిన వాళ్లందరికీ ఓటుంది, కానీ పోటీ చేయాలంటే మతాయ్ అయి తీరాలి. 1990 రెఫరెండం (ప్రజాభిప్రాయ సేకరణ) దాకా ఓటు కూడా దాదాపుగా మతాయ్‌లదే! 2021లో తొలి మహిళా ప్రధాని అయిన ఫియామే నవోమి మతాఫా పేరులో 'ఫియామే' బిరుదే. పాపకి ఈ ఉదాహరణ బాగా పనికొస్తుంది.

చదువు సంగతికొస్తే, చిన్న తరగతులు సమోవన్‌లో మొదలై తర్వాత ఇంగ్లీషుకి మారతాయి. చర్చి బళ్లు చాలా ఉన్నాయి. జాతీయ విశ్వవిద్యాలయం 1984లో పెట్టారు.

ఒక జాగ్రత్త: అమెరికన్ సమోవా వేరు, అది అమెరికా కింద ఉంది. పాత పుస్తకాల్లో 'పశ్చిమ సమోవా' అని ఉంటే మాత్రం ఇదే, 1997లో పేరు మార్చారు. రాజు ఉన్న దేశం చూడాలంటే మాత్రం టోంగాకి వెళ్లాలి.