సూపర్ బౌల్‌కి పందెం కాసే ముందు

అల్లుడికి ఆశీస్సులు.

ఈసారి అమెరికన్ ఫుట్‌బాల్ ఫైనల్ అయిన సూపర్ బౌల్ మీద నువ్వూ నీ రూమ్మేట్లూ పందెం కాయాలనుకుంటున్నారని మీ అత్తయ్య చెప్పింది. వద్దని చెప్పడానికి రాయడం లేదు. ఎడిసన్‌లో ఉంటున్నావు, 21 దాటాయి, న్యూజెర్సీలో అది చట్టబద్ధమే. 2018 మేలో అమెరికా సుప్రీంకోర్టు క్రీడా పందేల మీద ఉన్న పాత నిషేధాన్ని కొట్టేసింది కూడా న్యూజెర్సీ పోరాడిన కేసులోనే. కాకపోతే కాసేవాళ్లు చాలామంది ఏ జట్టు గెలుస్తుందా అని రెండు వారాలు వాదించుకుంటారు, ఎంత రేటుకి కాస్తున్నారో మాత్రం అర నిమిషం కూడా చూడరు. డబ్బు పోయేది అక్కడే.

పందేల యాప్ తెరిస్తే ప్రతి జట్టుకీ ఎదురుగా మూడు గడులుంటాయి. స్ప్రెడ్ అంటే బలమైన జట్టు ఎన్ని పాయింట్ల తేడాతో గెలవాలో చెప్పే అంకె. మనీలైన్ అంటే తేడాతో పని లేకుండా ఎవరు గెలిచారన్నదే. టోటల్ అంటే రెండు జట్ల పాయింట్లూ కలిపి యాప్‌లో ఇచ్చిన అంకెకి పైనా (ఓవర్) కిందా (అండర్) అని. స్ప్రెడ్ కింద మైనస్ 110 అని కనిపిస్తుంది. 100 డాలర్ల లాభం కావాలంటే 110 పెట్టాలని దానర్థం. అటొకరు ఇటొకరు చెరో 110 కాస్తే 220 వసూలవుతుంది, గెలిచినవాడికి 210 ఇస్తారు, పది మిగుల్చుకుంటారు. సంక్రాంతి బరి దగ్గరైతే కమీషన్ కళ్లెదుటే తీస్తారు, ఇక్కడ రేటులో కలిపేస్తారు, అంతే తేడా. ఆ పది వల్ల నువ్వు నష్టపోకుండా ఉండాలంటే వందలో 50 సరిపోవు, 52.4 గెలవాలి. ఏళ్ల తరబడి ఇదే పనిగా బతికేవాళ్లు కూడా 55 దాటితే గొప్ప అనుకుంటారు.

ఏ రేటునైనా శాతంలోకి మార్చుకోవడం అలవాటు చేసుకో. మైనస్ ఉంటే ఆ అంకెని, దానికి 100 కలిపితే వచ్చేదానితో భాగించు. మైనస్ 150 అంటే 150ని 250తో భాగించాలి, 60 శాతం. ప్లస్ ఉంటే 100ని, ఆ అంకెకి 100 కలిపితే వచ్చేదానితో భాగించు. ప్లస్ 130 అంటే 43.5 శాతం. రెండూ కలిపితే 103.5 వచ్చింది కదా, వందకి పైన ఉన్న ఆ మూడున్నరే వాళ్ల తిండి. టాస్ మీద పందెం చూడు, ఎంత తెలివైనవాడికైనా సగానికి సగమే అవకాశం. అయినా రెండు వైపులా మైనస్ 105 పెట్టి అమ్ముతారు, జనం కొంటారు. నాకైతే సూపర్ బౌల్ మొత్తంలో అంతకంటే దండగ పందెం కనిపించదు.

స్ప్రెడ్‌లో అన్ని అంకెలూ సమానం కావు. ఫీల్డ్ గోల్‌కి (బంతిని గోల్ స్తంభాల మధ్యకి తన్నితే) మూడు, టచ్‌డౌన్‌కి (బంతిని ఎదుటి జట్టు చివరి గీత దాటిస్తే) దాని వెనక కిక్కుతో కలిపి ఏడు, అందుకే ఎన్‌ఎఫ్‌ఎల్ (అమెరికన్ ఫుట్‌బాల్ లీగ్) మ్యాచ్‌లు ఎక్కువగా మూడు తేడాతో, ఆ తర్వాత ఏడు తేడాతో ముగుస్తాయి. సుమారు ఏడు మ్యాచ్‌లకి ఒకటి సరిగ్గా మూడు దగ్గరే తేలుతుంది. 2023 సూపర్ బౌల్‌లో చీఫ్స్ జట్టు ఈగల్స్ మీద 38-35తో గెలిచింది. మరుసటేడు అదే జట్టు ఫార్టీ నైనర్స్ మీద 25-22తో గెలిచింది. రెండూ మూడే. కాబట్టి మైనస్ రెండున్నరకీ మైనస్ మూడుకీ ఉన్న అర పాయింటు బంగారం. రెండున్నర అయితే మూడు తేడాతో గెలిచినా డబ్బొస్తుంది, మూడు అయితే పెట్టింది తిరిగొస్తుంది, మూడున్నర అయితే మొత్తం పోతుంది. ఆరున్నర, ఏడు, ఏడున్నర దగ్గరా అంతే. అదే నాలుగున్నర నుంచి ఐదుకి జరిగితే పెద్దగా పట్టించుకోనక్కర్లేదు.

ఇక్కడే రెండు మూడు యాప్‌లలో ఖాతా ఉండటం పనికొస్తుంది. ఒకదాంట్లో మైనస్ మూడు, ఇంకోదాంట్లో అదే జట్టుకి మైనస్ రెండున్నర దొరకడం మామూలే. కాన్ఫరెన్స్ ఫైనల్స్ (మన సెమీఫైనల్స్ లాంటివి) అయ్యాక సూపర్ బౌల్‌కి రెండు వారాలుంటాయి, ఆలోగా అంకె కదులుతూనే ఉంటుంది. ఆ కదలిక ఎంత పని చేస్తుందో 1979 సూపర్ బౌల్ చూపించింది. స్టీలర్స్ జట్టు స్ప్రెడ్ మైనస్ మూడున్నరతో మొదలై నాలుగున్నర దాకా పోయింది, చివరికి ఆ జట్టు కౌబాయ్స్ మీద 35-31తో, అంటే నాలుగు తేడాతో గెలిచింది. ముందు స్టీలర్స్‌ని కాసినవాళ్లకీ డబ్బొచ్చింది, ఓటమి నాలుగున్నరకి లోపే కాబట్టి తర్వాత కౌబాయ్స్‌ని కాసినవాళ్లకీ వచ్చింది. లాస్ వెగాస్ బుకీలు ఆ రోజుని ఇప్పటికీ బ్లాక్ సండే అంటారు. సాధారణంగా జనం డబ్బు ఆఖరి రెండు రోజుల్లో, బాగా పేరున్న జట్టు మీద, ఓవర్ మీద వచ్చిపడుతుంది. నీకు బలహీనమైన జట్టో అండరో నచ్చితే శనివారం దాకా ఆగు, బలమైన జట్టు నచ్చితే మొదటి వారంలోనే కొను. మ్యాచ్‌కి 90 నిమిషాల ముందు ఆడనివాళ్ల జాబితా వస్తుంది, కానీ అప్పటికి రేటు ఎలాగూ మారిపోయి ఉంటుంది.

ఇక ప్రాప్ బెట్లు, అంటే ఎవరు గెలిచారన్నదానితో పని లేని చిన్న పందేలు. ఎవరు ఎన్ని గజాలు పరిగెత్తారు, మొదటి స్కోరు ఏ రకంగా వస్తుంది, ఇలాంటివి వందల కొద్దీ ఉంటాయి. 1986లో రెఫ్రిజిరేటర్ అనే ముద్దుపేరున్న విలియం పెర్రీ టచ్‌డౌన్ కొడతాడా అని పెడితే, అంత బరువున్న డిఫెన్స్ ఆటగాడు నిజంగానే కొట్టి బుకీలకి చేతి చమురు వదిలించాడు. అప్పటి నుంచి ఇవి పెరిగాయి. జనానికి జరుగుతుందని కాయడమే సరదా, జరగదని కాస్తే కూర్చుని ఏమీ జరక్కూడదని మొక్కుకోవాలి. అందుకే 'అవును' వైపు రేట్లు ఉండాల్సినదానికంటే ప్రియంగా ఉంటాయి, 'కాదు' వైపు కాస్త నయం. ఓవర్‌టైమ్ ఉంటుందా అనేదే తీసుకో, 2025 వరకు జరిగిన 59 సూపర్ బౌల్స్‌లో రెండే అలా వెళ్లాయి. అలాగని 'కాదు' వైపు కళ్లు మూసుకుని కాయకు. 2012, 2013, 2014 మూడేళ్లూ వరసగా సేఫ్టీ (బంతి ఉన్న జట్టు తన చివరి గీత వెనకే ఇరుక్కుని ఎదుటివాళ్లకి రెండు పాయింట్లు ఇచ్చుకోవడం) పడింది. 2014లో అయితే మ్యాచ్ మొదలైన 12 సెకన్లకే.

ప్రాప్ కాసే ముందు ఆ లెక్క ఎలా తేలుస్తారో నిబంధన చదువు. 2020 సూపర్ బౌల్‌లో చీఫ్స్ క్వార్టర్‌బ్యాక్ (బంతి విసిరి ఆట నడిపేవాడు) ప్యాట్రిక్ మహోమ్స్ 44 గజాలు పరిగెత్తి ఉన్నాడు, అతని పరుగుకి పందెంలో పెట్టిన అంకె 30 గజాల అటూఇటూ. ఓవర్ కాసినవాళ్లు గెలిచేశామనుకున్నారు. చివర్లో సమయం కరగదీయడానికి మూడుసార్లు బంతి తీసుకుని వెనక్కి జరిగి మోకాలు ఆనించాడు. ఆ 15 గజాలూ అతని ఖాతాలోంచే తీసేశారు, 29 దగ్గర ఆగాడు. గెలుస్తున్న జట్టు క్వార్టర్‌బ్యాక్ పరుగుల మీద ఓవర్ కాసేటప్పుడు ఈ మోకాళ్లు కూడా లెక్కలో వేసుకో. ఓవర్‌టైమ్ పాయింట్లు మొత్తం మ్యాచ్ పందేల్లో కలుస్తాయి, నాలుగో క్వార్టర్ పందెంలో కలుస్తాయా లేదా అనేది యాప్‌ని బట్టి ఉంటుంది.

పార్లేల (కొన్ని పందేలు ఒకటిగా కలిపి, అన్నీ గెలిస్తేనే డబ్బిచ్చేవి) జోలికి పోకు. రెండు మైనస్ 110 పందేలు కలిపితే వందకి 264 లాభం ఇస్తారు, న్యాయంగా 300 రావాలి. అంటే తొమ్మిది శాతం వాళ్లకి. మూడు కలిపితే 13, నాలుగు కలిపితే 17. ఒకే మ్యాచ్‌లోవి కలిపే పార్లేలు ఇంకా ఘోరం, యాప్ తెరవగానే అవే ముందు మెరుస్తుంటాయంటే కారణం అదే. కొత్త ఖాతాకి ఇచ్చే బోనస్ బెట్ మాత్రం వాడుకో. అందులో గెలిస్తే లాభమే వస్తుంది, పెట్టిన బోనస్ తిరిగి రాదు. అందుకని 100 డాలర్ల బోనస్‌ని మైనస్ 110 మీద పెడితే సగటున దాని విలువ 45 డాలర్లు, ప్లస్ 300 లాంటి దాని మీద పెడితే 70కి దగ్గర. మ్యాచ్ నడుస్తుండగా కాసే పందేలు వద్దు. నీ టీవీ స్ట్రీమింగ్ అరనిమిషం వెనక ఉంటుంది, వాళ్ల దగ్గరికి డేటా ముందే చేరిపోతుంది.

ఎంత పెట్టాలంటే, పోయినా అద్దెకీ ఇంటికి పంపే డబ్బుకీ తేడా రాని మొత్తం పక్కన పెట్టు. 500 అనుకుందాం. ఒక్కో పందానికి పది, ఎక్కువంటే పదిహేను డాలర్లు. యాప్‌లో డిపాజిట్ లిమిట్ అని ఉంటుంది, మొదటి రోజే పెట్టెయ్. తగ్గిస్తే వెంటనే అమలవుతుంది, పెంచడానికి మాత్రం ఆగాలి, మంచిదే. క్రెడిట్ కార్డు వాడకు, చాలా బ్యాంకులు దాన్ని క్యాష్ అడ్వాన్సుగా చూసి ఫీజూ మొదటి రోజు నుంచే వడ్డీ వేస్తాయి. పోయినది రాబట్టుకోవడానికి హాఫ్‌టైమ్‌లో రెట్టింపు పెట్టాలనిపించిందంటే ఫోన్ అవతల గదిలో పెట్టు. మీలో ఎవరికైనా చెయ్యి ఆగడం లేదనిపిస్తే 1-800-GAMBLER అనే సాయం లైన్‌కి ఫోన్ చేయించు, ఉచితం.

డల్లాస్‌లో ఉన్న మన సుబ్బులు పిన్ని కొడుకు నీ ఖాతాలో తన తరఫున కాయమని అడుగుతాడు. కాయకు. టెక్సాస్‌లో ఇది చట్టబద్ధం కాదు, ఒకరి ఖాతాలో ఇంకొకరి కోసం కాస్తే యాప్‌వాళ్లు ఖాతా మూసేస్తారు. హైదరాబాద్, విజయవాడ నుంచి అడిగేవాళ్లకైతే అసలే వద్దు. తెలంగాణ 2017లో, ఆంధ్ర 2020లో ఆన్‌లైన్ పందేలు నిషేధించాయి, 2025 ఆగస్టులో దేశమంతటికీ కేంద్రం చట్టం చేసింది. వాళ్లని సోమవారం పొద్దున అయిదింటికి లేచి ఊరికే మ్యాచ్ చూడమను.

గెలిచిన ప్రతి డాలరూ ఆదాయమే, పన్ను కట్టాలి. నీ రూమ్మేట్లలో ఎఫ్-1 విద్యార్థి వీసా మీద వచ్చి అయిదేళ్లు నిండనివాళ్లు పన్ను లెక్కలో నాన్‌రెసిడెంట్లు, వాళ్లకి ఓడిన డబ్బు తీసేసుకునే వీలే లేదు. నీకు హెచ్-1బి కాబట్టి ఉంది, ఐటమైజ్ చేస్తేనే, అంటే మినహాయింపులు విడివిడిగా చూపిస్తేనే. అది కూడా 2026 నుంచి ఓడినదాంట్లో 90 శాతమే. ఏడాదిలో పదివేలు గెలిచి పదివేలు ఓడినా వెయ్యి మీద పన్ను పడుతుంది. తేదీ, పందెం, పెట్టింది, వచ్చింది ఒక షీటులో రాసుకుంటూ పో.

ఇంట్లో పార్టీకి స్క్వేర్స్ ఆడతామన్నారట, అది నిజంగా సరదా. పది అడ్డం, పది నిలువు, మొత్తం వంద గడులు, గడి రెండు డాలర్లు. అడ్డం ఒక జట్టు, నిలువు ఇంకో జట్టు, ప్రతి క్వార్టర్ చివర రెండు స్కోర్ల ఆఖరి అంకెలు కలిసే గడివాడికి బహుమతి. గడులన్నీ అమ్ముడయ్యాకే సున్నా నుంచి తొమ్మిది దాకా చీటీలు తీసి అంకెలు వెయ్యి, ముందే వేస్తే 0, 7, 3, 4 ఉన్న గడుల కోసం కొట్టుకుంటారు. నడిపేవాడు కమీషన్ తీసుకోకూడదు, వచ్చిన 200 మొత్తం పంచెయ్యాలి. నాలుగో క్వార్టర్ బహుమతి ఏ స్కోరుకో ముందే షీటు మీద రాయి. 2024లో నాలుగో క్వార్టర్ 19-19తో ముగిసింది, ఓవర్‌టైమ్ తర్వాత 25-22. తొమ్మిది-తొమ్మిది గడివాడూ, ఎవరికీ వద్దనిపించే అయిదు-రెండు గడివాడూ ఇద్దరూ నాదే అంటారు. రాసిన షీటుని కిక్కాఫ్‌కి ముందే ఫోటో తీసి అందరికీ వాట్సాప్‌లో పంపు.

ఇట్లు,
మీ మావయ్య