ఏ వంకాయ అని అడుగు

చిరంజీవి శ్రీనుకి,

మావయ్య ఆశీస్సులు. విజయవాడ పటమటలో కర్రీ పాయింట్ పెడుతున్నావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. చాలా సంతోషంరా. వంటమనిషి మంచివాడే దొరికాడట. అయినా సరే, కూరగాయలు కొనే పని మాత్రం ఆయనకో, సరుకు దింపే ఆటో అబ్బాయికో వదిలెయ్యకు. గుంటూరు బ్రాడీపేటలో మెస్ నడిపినన్నాళ్లూ ఆ పని నేనే చూసుకున్నాను.

ముందుగా ఒక అలవాటు చేసుకో. "వంకాయలు పది కిలోలు" అని ఎప్పుడూ అడక్కు. ఏ కూర చేస్తున్నావో, దానికి ఏ వంకాయ కావాలో రాత్రే అనుకుని వెళ్లు. గుత్తివంకాయకి చిన్నగా గుండ్రంగా ఉండే ఊదారంగు కాయలు, అన్నీ ఒకే సైజులో ఉండాలి. లేకపోతే సగం ఉడికి సగం పచ్చిగా ఉంటాయి. కొత్తిమీర కారం పెట్టి చేసే ముక్కల కూరకి లేత పొడుగు కాయలు తీసుకో. తెల్లవైనా, ఆకుపచ్చ చారలవైనా బాగుంటాయి. కాల్చి పచ్చడి చెయ్యాలంటే కండ బాగా ఉన్న పెద్ద కాయ కావాలి. పొడుగు కాయలు చవగ్గా వస్తున్నాయని గుత్తివంకాయకి వాడితే మసాలా నిలవదు, గరిటె తగిలేసరికి విడిపోతాయి.

రంగు, నిగనిగ చూసి మోసపోకు. కాయ చేతిలోకి తీసుకుని తొడిమ అంచు కొద్దిగా పైకెత్తి చూడు. దాని కింద చర్మం తెల్లగా పాలిపోయినట్టు ఉంటే ఆ కాయ ఇంకా ఎదుగుతుండగా కోసినది, లేతది. బొటనవేలితో నొక్కితే గుంట వెంటనే సర్దుకోవాలి, అలాగే ఉండిపోతే వద్దు. ఒకే సైజు కాయలు రెండు చేతుల్లో పెట్టుకుంటే బరువుగా తగిలినదాంట్లో గింజ ముదిరి ఉంటుంది. పైకి బెజ్జం కనబడలేదు కదా అని పుచ్చు లేదనుకోకు. పురుగు చిన్నగా ఉన్నప్పుడే లోపలికి దూరుతుంది, చాలాసార్లు తొడిమ దగ్గరే. పైన కనబడే పెద్ద బెజ్జం అది తిని బయటికి వెళ్లిపోయిన దారి. అందుకని వంటమనిషితో ప్రతి కాయా విప్పి చూసి ఉప్పునీళ్లలో వెయ్యమను.

వంకాయ సంగతి ఎక్కువ రాశాను. మన వైపు జనం కూరలవాణ్ణి ముందు దానితోనే తూకం వేస్తారు మరి.

ఆనపకాయ, బీరకాయ, దోసకాయల విషయంలో ఒక్క మాట, ఇది మాత్రం మర్చిపోవద్దు. ప్రతి కాయనీ కోసినవెంటనే చిన్న ముక్క నాలుక మీద పెట్టి, చూసి ఊసెయ్యాలి. చేదుగా ఉంటే ఆ కాయ మొత్తం పారెయ్యి. చేదు ఆనపకాయ తింటే వాంతులు, విరేచనాలు పట్టుకుని ఒక్కోసారి ప్రాణం మీదికి వస్తుంది. ఉడికించినా ఆ చేదులోని విషం పోదు. పదిమందికి వండిపెట్టేవాడివి, కాయ ఖరీదు చూసుకోకు. ఇక ఆనపకాయకి గోరు దిగితే లేతది. బీరకాయకి కణుపులు గోటితో చిదిమితే చిట్లాలి.

దోసకాయ పప్పుకీ పచ్చడికీ గట్టిగా ఉన్న పసుపు పచ్చవి తీసుకో. కీరాకీ దీనికీ పోలిక పెట్టకు. మన దోసకాయ కర్బూజా జాతిది, కీర జాతి వేరు. అందుకే ఒకదాని బదులు ఇంకొకటి వేస్తే పప్పు కుదరదు. చిక్కుడుకాయలు చలికాలం పందిరివి, కనుపువి ఏవైనా మంచివే. ఈనె తీసే ఓపిక ఉన్న మనిషిని పెట్టుకో, అంతే.

ఇప్పుడు అసలు చెప్పాలనుకున్నది. దొండకాయ, బెండకాయ, ఆలూ ప్రతి షాపులోనూ ఉంటాయి. రోజుకి ఒక్క కూర అయినా పక్కవాడి దగ్గర లేనిది పెట్టు. వానలు పడ్డాక ఆకాకరకాయ వస్తుంది. రేటు ఎక్కువే, అయినా వేపుడు చేస్తే వదలరు. పచ్చగా, ముళ్లు మెత్తగా ఉన్నవి ఏరుకో. పసుపు తిరిగితే లోపల గింజలు గట్టిపడ్డాయన్నమాట. కాసరకాయ దానికన్నా చిన్నది, రెండు కొసలూ సూదిగా ఉంటాయి, కొంచెం చేదు. పల్నాడు, ప్రకాశం వైపు నల్లరేగడి చేలల్లో తనంతట తానే మొలుస్తుంది. ఆ వైపువాళ్లు నీ వీధిలోనే అద్దెకుంటూ ఉంటారు, బోర్డు మీద పేరు చూస్తే ఆగుతారు. నేతిబీర కణుపులు లేకుండా నున్నగా ఉంటుంది. లేతగా దొరికితేనే కొను, ముదిరితే ఒళ్లు రుద్దుకునే పీచుకే పనికొస్తుంది.

అరటిపువ్వు చాకిరీ ఎక్కువ. ప్రతి చిన్న పువ్వులోనూ తలకాయ ఉన్న గట్టి కాడ ఒకటి, అడుగున గాజులాంటి చిన్న రేకు ఒకటి ఉంటాయి. ఆ రెండూ ఉడకవు, తీసెయ్యాలి. తరిగింది తరిగినట్టు మజ్జిగనీళ్లలో వెయ్యకపోతే నల్లబడుతుంది. ఆవ పెట్టిన అరటిపువ్వు కూర ఇంట్లో చేసుకునే ఓపిక ఇవాళ ఎవరికీ లేదు, అందుకే నీ దగ్గర కొంటారు. వారానికి ఒక్క రోజు పెట్టి చూడు.

కంద దుగ్గిరాల, కొల్లిపర వైపు నుంచి బాగా వస్తుంది. పెద్ద దుంపలోంచి కోసిన ముక్క కొంటే కోసిన చోటు తడిగా, బూజు లేకుండా ఉందో లేదో చూసుకో. తరిగేవాళ్ల చేతికి నూనె రాయించు, చింతపండు నీళ్లలో ఉడికిస్తే దురద పోతుంది. కందబచ్చలికి తీగబచ్చలే తీసుకో.

గోంగూర కొనేటప్పుడు కాడ చూడు. ఎర్ర కాడది పులుపెక్కువ, పచ్చడికి. తెల్ల కాడది పప్పుకి.

రేటు విషయంలో టెన్షన్ పడకు. ముందు రైతు బజారుకెళ్లి ఆ రోజు బోర్డు చదువు, ఆ తర్వాత వన్‌టౌన్‌లో కాళేశ్వరరావు మార్కెట్లో బేరం మొదలుపెట్టు. బస్తా కొంటే మూతి దగ్గరున్న కాయలు చూసి ఒప్పుకోకు, అడుగు నుంచి నాలుగు తీయించి చూడు.

షాపు తెరిచే రోజు ముందే చెప్పు. ముందు రోజు రాత్రికి వచ్చి, తెల్లవారుజామున నీతో పాటు మార్కెట్‌కి వస్తాను.

ఉంటాను,
మీ మావయ్య