ఎర్రచందనం మన కొండల్లోనే ఎందుకుంది అని అడిగే అమ్మాయిని ఏం చదివించాలి?

రాజంపేట దగ్గర నుంచి ఒక నాన్నగారు అడిగారు, వాళ్ళమ్మాయి బీఎస్సీ బోటనీ ఫైనలియర్ అట, ఏ చెట్టు ఎక్కడ పెరుగుద్ది, ఎందుకు అక్కడే పెరుగుద్ది అనేదాని మీదే పైకి చదువుతా అంటోందట. చుట్టాలేమో బీఈడీ చేయించి డీఎస్సీ రాయించండి, చెట్ల చదువుకి ఉద్యోగం ఎవడిస్తాడు అంటున్నారంట, ఏం చెయ్యమంటారు అని.

అయ్యా, మీ అమ్మాయి పట్టుకున్న ప్రశ్న చాలా పెద్దది. మీ ఊరి పక్కనే చూడండి, ఎర్రచందనం సహజంగా పెరిగేది ప్రపంచం మొత్తం మీద శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండ, ఇట్లా తూర్పు కనుమల దక్షిణ భాగంలోనే. ఎండ బాగా ఉండాలి, వాన మరీ ఎక్కువ ఉండకూడదు, అది వాతావరణం. రాళ్ళ నేల, నీళ్ళు నిలవకుండా జారిపోయే వాలు కావాలి, వేరు దగ్గర నీళ్ళు నిలిస్తే ఆ చెట్టు బతకదు, అది మట్టి సంగతి. అదే కమలాపురం, జమ్మలమడుగు వైపు నల్లరేగడిలోకి దిగితే ఈ చెట్టు కనపడదు. సరే వాతావరణం, మట్టి కుదిరితే చాలా అంటే, తెలంగాణలో, కర్ణాటకలో రైతులు తోటలుగా వేస్తే చక్కగానే వస్తోంది కదా, మరి అక్కడి అడవుల్లో తనంతట తాను ఎందుకు లేదు? ఇక్కడే చరిత్ర వస్తుంది, ఆ జాతి ఎక్కడ పుట్టింది, గింజ ఎంత దూరం పోగలిగింది, వేల ఏళ్ళలో వాతావరణం మారినప్పుడు ఏ కొండల్లో మిగిలింది అనేవి. తిరుమల కొండల సైకస్ అనే, ఈతచెట్టులా కనపడే మొక్క కూడా ఇట్లాంటిదే, వేరే ఎక్కడా సహజంగా దొరకదు.

చరిత్ర అంటే పాతకాలందే కాదండీ. మీ జిల్లాలో బీళ్ళ నిండా ఉన్న సర్కారు తుమ్మ అమెరికా ఖండం మొక్క, 1870ల్లో ఇంగ్లీషు వాళ్ళు గింజలు తెప్పించి కమలాపురం ప్రాంతంలోనే నాటించారు, వంటచెరకుకి పనికొస్తుందని. ఇప్పుడు అది లేని చెరువు కట్ట చూపించండి! వాతావరణం, మట్టి ముందు నుంచీ అనుకూలంగానే ఉన్నాయి, రాలేకపోయింది మధ్యలో సముద్రం ఉండబట్టే, మనిషి తెచ్చాడు, పాకింది.

ఇక ఉద్యోగం సంగతి. నిజం చెప్తాను, ఉత్త ఎమ్మెస్సీ బోటనీ చేసి థియరీ బట్టీ పట్టి బయటకొస్తే కష్టమే, మీ చుట్టాలు చూసింది అట్లాంటి పిల్లల్నే అయ్యుంటుంది. ఈ సబ్జెక్టులో పని దొరికేది రెండు పనులూ వచ్చినవాళ్ళకి, ఒకటి అడవిలో మొక్కని చూసి పేరు చెప్పగలగడం, రెండోది దాన్ని మ్యాప్ మీద పెట్టి వాన, నేల, ఎత్తు లెక్కలతో కలిపి చూపించగలగడం. మొదటిది వచ్చిన వాళ్ళకి కంప్యూటర్ రాదు, కంప్యూటర్ వచ్చినవాళ్ళకి మద్దికీ ఏగికీ తేడా తెలీదు, నేను చూసినంతలో రెండూ వచ్చినవాళ్ళు చాలా తక్కువ, అందుకే వాళ్ళకి విలువ. మ్యాపులు గీసే క్యూజీఐఎస్ ఫ్రీ సాఫ్ట్‌వేరే, ఈ ఏడాదే మొదలుపెట్టమనండి, డెహ్రాడూన్ ఐఐఆర్ఎస్ వాళ్ళు రిమోట్ సెన్సింగ్, అంటే శాటిలైట్ ఫొటోలతో నేలని చదవడం, దాని మీద ఫ్రీగా ఆన్‌లైన్ కోర్సులు పెడుతుంటారు, అవీ చెయ్యొచ్చు.

పీజీకి నా మొదటి ఓటు పాండిచ్చేరి యూనివర్సిటీలో ఎకాలజీ, అంటే జీవులకీ వాటి పరిసరాలకీ ఉన్న సంబంధం చదివే ఎమ్మెస్సీ, దానికి సీయూఈటీ పీజీ అనే ఎంట్రన్స్ రాయాలి. అదే ఊళ్ళో ఫ్రెంచ్ ఇన్‌స్టిట్యూట్ ఉంది, దక్షిణ భారతం వృక్షసంపదకి మ్యాపులు గీయడం దశాబ్దాల క్రితమే మొదలుపెట్టిన చోటు అది. దూరం పంపలేం అంటే తిరుపతి ఎస్వీయూ, కడప యోగి వేమన ఉన్నాయి, వాటికి పీజీసెట్ రాయాలి, కానీ మ్యాపుల పని మాత్రం తను సొంతంగా నేర్చుకోవాల్సిందే. తర్వాత సీఎస్ఐఆర్ నెట్ పరీక్షలో జేఆర్ఎఫ్ వస్తే పీహెచ్‌డీ చేస్తూ నెలకి 37,000 ఫెలోషిప్, గేట్‌లో ఎకాలజీ అండ్ ఎవల్యూషన్ అని విడిగా పేపరే ఉంది. పనిచేసే చోట్లంటే హైదరాబాద్‌లోనే బొటానికల్ సర్వే వాళ్ళ దక్కన్ సెంటరు, దూలపల్లిలో ఫారెస్ట్ బయోడైవర్సిటీ ఇన్‌స్టిట్యూటు, ఇస్రో వాళ్ళ శాటిలైట్ ఫొటోల సెంటరు ఎన్ఆర్ఎస్సీ ఉన్నాయి. ఇవి ముందు ప్రాజెక్టు పోస్టులుగానే వస్తాయి, పర్మనెంట్ కావడానికి టైం పడుతుంది, అది మీరు ముందే మనసులో పెట్టుకోండి. ఇండియన్ ఫారెస్ట్ సర్వీస్ కూడా ఉంది, బోటనీ డిగ్రీ చాలు, కాకపోతే అమ్మాయిలకి 4 గంటల్లో 14 కిలోమీటర్ల నడక పరీక్ష ఉంటుంది, ఇప్పట్నుంచే నడవమనండి.

బీఈడీని నేను వద్దనను, పీజీ అయ్యాక కూడా చెయ్యొచ్చు, తలుపు మూసుకుపోదు. ఇప్పుడే చేయిస్తే మాత్రం ఈ ఆసక్తి చల్లారిపోతుందేమోనని నా భయం.

ఒక్క జాగ్రత్త. ఎర్రచందనం అడవిలోకి పర్మిషన్ లేకుండా అడుగు పెట్టనివ్వకండి, స్మగ్లింగ్ గొడవలు మీకు తెలియనివి కాదు, కాలేజీ లెటర్‌తో జిల్లా అటవీ అధికారి (డీఎఫ్ఓ) ఆఫీసులో అడగాలి, సైకస్ ఆకు కూడా కోయకూడదు. అప్పటిదాకా కొండ అడుగు నుంచి మీ పొలం దాకా రోడ్డు పక్కన ఏ నేలలో ఏ చెట్టు ఉందో నోట్‌బుక్కులో రాసుకోమనండి, ప్రతి చోటా ఫోన్‌తో లొకేషన్ కూడా తీసి పెట్టుకోమనండి. ఆ నోట్‌బుక్కు తీసుకుని పీజీ సీటు వచ్చిన చోట ఎకాలజీ చెప్పే మాస్టారి దగ్గరకి వెళ్తే, తన ప్రాజెక్టు సగం మొదలైనట్టే.