ఎవరి పేజీలోనో నడిచే కోడ్ గురించి

అమ్మలూ,

నీ చాట్ విడ్జెట్ క్లయింట్ సైట్‌లో పెట్టగానే అర్రేలు, అంటే జాబితాలు, స్ట్రింగులుగా, అంటే ఉత్త అక్షరాలుగా, సర్వర్‌కి వెళ్తున్నాయన్నావు. ఆ మాట వినగానే నా పాత టెన్షన్ గుర్తొచ్చింది. ఆ పేజీలో ప్రోటోటైప్ అనే పాత జావాస్క్రిప్ట్ లైబ్రరీ 1.6 ఉందేమో చూడు. అది ప్రతి అర్రేకూ టుజేసన్ అనే మెథడ్ తగిలిస్తుంది. డేటాను పంపడానికి టెక్స్ట్‌గా మార్చే బ్రౌజర్‌లోని జేసన్ స్ట్రింగిఫై, దానికి ఆ మెథడ్ కనబడితే ముందు దాన్నే పిలుస్తుంది. అదిచ్చేది స్ట్రింగ్, దాని చుట్టూ మళ్లీ కోట్స్ పడతాయి. 1.7లో సరిచేశారులే, కానీ పాత సైట్లను ఎవరు ముట్టుకుంటారు? నేను మూడు రాత్రులు పాపం మా సర్వర్ కోడ్‌ని తిట్టుకున్నాను.

పేజీలోని వేరే స్క్రిప్టులు జావాస్క్రిప్ట్ సొంత మెథడ్లను కూడా మార్చేయగలవు. మామూలుగా అయితే, నీ ఫైల్ మొదట్లోనే వాడబోయే మెథడ్లను సొంత వేరియబుల్స్‌లో దాచుకో. తర్వాత ఎవరేం మార్చినా నీ దగ్గరున్నది మారదు. ఒక మెలిక ఉంది: దాచుకున్న స్లైస్‌ని (అర్రేలోంచి ముక్క తీసే మెథడ్) డాట్ కాల్‌తో పిలిస్తే, ఆ కాల్‌ని ఇంజిన్ అప్పటికప్పుడు వెతుకుతుంది. దాన్నీ ఎవరైనా మార్చి ఉండొచ్చు. అందుకే ఫంక్షన్‌ని పిలిచే మరో దారి అయిన రిఫ్లెక్ట్ అప్లైని కూడా ముందే దాచుకుని దాంతోనే పిలువు. బ్రౌజర్ బయట జావాస్క్రిప్ట్ నడిపే నోడ్ జేఎస్ లోపల ప్రైమోర్డియల్స్ అనే ముందే దాచిన అసలు మెథడ్లు ఇందుకే ఉన్నాయి.

నీ బగ్‌కి మాత్రం ఈ మందు పనిచేయదు. స్ట్రింగిఫై అసలుదే, అది లోపల వెతికేదే మారిపోయింది. అర్రేలోని వాటిని ఒక్కొక్కటిగా తీసే ఫర్ ఆఫ్, స్ప్రెడ్ కూడా అంతే, చాటుగా ఇటరేటర్ అనే మెథడ్‌ని వెతుకుతాయి. ముఖ్యమైన చోట ఇండెక్స్ లూపే రాయి, పాతకాలపు మనిషి రాసినట్టుందని ఎవరైనా నవ్వితే నవ్వనీ. ఇక టుజేసన్ సంగతికి, పంపే ప్రతి అర్రే మీదా, లోపలి వాటితో సహా, టుజేసన్ ప్రాపర్టీని అన్‌డిఫైన్డ్‌గా పెట్టు. అది ఫంక్షన్ కాదు కనుక స్ట్రింగిఫై పట్టించుకోదు, అవుట్‌పుట్‌లోకీ రాదు. కొందరు అర్రే ప్రోటోటైప్ (లైబ్రరీ కాదు, అర్రేలన్నీ పంచుకునే మెథడ్లుండే చోటు) మీది మెథడ్‌ని కాసేపు తీసేసి మళ్లీ పెడతారు. ఇల్లు వాళ్లదైనప్పుడు సామాను మనం జరపడం నాకు నచ్చదు.

ఐఫ్రేమ్, అంటే పేజీలో ఇంకో చిన్న పేజీ, తెరిచి అక్కడి నుంచి ఎవరూ మార్చని కొత్త అర్రే తెచ్చుకోవడం కూడా ఒక దారే. కాకపోతే అక్కడ పుట్టిన అర్రే 'ఇది అర్రేనేనా' అని చూసే ఇన్‌స్టాన్స్ ఆఫ్ పరీక్షలో ఇక్కడ ఫెయిలవుతుంది.

నీకన్నా ముందు లోడైన స్క్రిప్ట్ చేసిన మార్పును ఈ దాచుకోవడాలేవీ ఆపలేవు. అందుకే స్క్రిప్ట్ ట్యాగ్ పేజీలో పైన పెట్టమని క్లయింట్‌ని అడుగు. నువ్వు మాత్రం అర్రే ప్రోటోటైప్‌కి ఏమీ తగిలించకు. మూటూల్స్ అనే ఇంకో పాత లైబ్రరీ అలా ఫ్లాటెన్ తగిలించినందుకే 2018లో భాషకు కొత్తగా రావాల్సిన మెథడ్ పేరు ఫ్లాట్‌గా మారింది.

రేపు ఆ పేజీ కన్సోల్‌లో అర్రే డాట్ ప్రోటోటైప్ డాట్ టుజేసన్ కొట్టి, ఏం వచ్చిందో నాకు పంపు.

మామయ్య