ఎలక్ట్రిక్ కుక్కరులో ఖీమా ఇగురు: నీళ్లు ఎక్కడికి పోవాలి?

ఎలక్ట్రిక్ ప్రెషర్ కుక్కరులో కారంకారంగా ఖీమా కూర అరగంటలో అవుతుందా, అన్నీ ఒకేసారి వేసి మూత పెట్టేయవచ్చా అని మీరు అడిగారు. అరగంటలో కాదు, 40 నిమిషాల్లో అవుతుంది. అన్నీ ఒకేసారి మాత్రం ఎప్పుడూ వేయకండి. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో ఏడేళ్లుగా ఉంటూ, వారానికి ఒకసారైనా ఉద్యోగం నుంచి వచ్చాక ఈ కూర వండుతున్నదానిగా ఈ రెండు మాటలూ గట్టిగా చెబుతున్నాను.

నేను కూడా మొదట్లో అన్నీ ఒకేసారి వేసినదాన్నే. మా అత్తయ్యగారు భీమవరం నుంచి ఆరు నెలలు ఉండడానికి వచ్చిన కొత్తలో, ఒక శుక్రవారం సాయంత్రం మా ఆడపడుచు కుటుంబం ఎనిమిదిన్నరకు భోజనానికి వస్తున్నామని ఫోన్ చేసింది. నేను ఏడింటికి ఇల్లు చేరాను. హలాల్ దుకాణంలో కొట్టించి తెచ్చిన కిలో మేక ఖీమాను, ఏదో వీడియోలో చూపించినట్టే, తరిగిన ఉల్లిపాయలు, టమాటాలు, అల్లం వెల్లుల్లి ముద్ద, కారం, ధనియాల పొడితో సహా కుక్కరు గిన్నెలో వేసి, పైన కాసిని నీళ్లు పోసి, బటన్ నొక్కి స్నానానికి వెళ్లాను. తిరిగి వచ్చేసరికి కుక్కరు కీచుకీచుమని మోగుతోంది, దాని తెర మీద ‘బర్న్’ అన్న మాట వెలుగుతోంది, వంటగదంతా మాడిన కారం ఘాటుకు అత్తయ్యగారు కొంగు ముక్కుకు అడ్డం పెట్టుకుని కిటికీ తెరుస్తున్నారు. ఆవిరి వదిలి మూత తీస్తే పైన ఎర్రటి నీళ్లు తేలి ఉన్నాయి; వాటి కింద ఖీమా మొత్తం గిన్నె ఆకారంలోనే దిబ్బరొట్టెలా గట్టిపడి ఉంది. గరిటెతో విరిస్తే మధ్యలో ఇంకా పచ్చిగా, గులాబీ రంగులో కనబడింది. అడుగున పొడులన్నీ నల్లగా అట్టకట్టాయి.

అత్తయ్యగారు మాడనిదంతా వెడల్పాటి బాణలిలోకి తీయించి, స్టవ్ మీద పెట్టి, గరిటె అంచుతో ఉండలు చిదుపుతూ అరగంట సేపు ఇగరబెట్టారు. “మూత బిగించి నీళ్లను లోపలే ఉంచితే అది ఇగురెలా అవుతుంది అమ్మాయ్? ఇగరాలి కదా!” అన్నారు. ఆవిడ మా ఊళ్లవాళ్లలాగే ఖీమాను కైమా అనే అంటారు. భోజనాలకు తొమ్మిదిన్నర అయింది.

నా జవాబు అంతా ఆవిడ అన్న ఆ మాటలోనే ఉంది. బాణలిలో వండేటప్పుడు ఉల్లిపాయ, టమాటా, మాంసం వదిలిన నీరు ఆవిరై పోతుంది, కూర దగ్గరపడుతుంది, చివరకు నూనె తేలుతుంది. గ్యాసు మీద పెట్టే కుక్కరు కూడా కూత వేసినప్పుడల్లా కొంత ఆవిరిని బయటకు వదులుతుంది. ఎలక్ట్రిక్ కుక్కరు మాత్రం ఒకసారి బిగుసుకున్నాక దాదాపు ఏమీ వదలదు. మీరు పోసిన నీరు, మాంసం వదిలిన నీరు రెండూ కలిసి లోపలే ఉంటాయి. పైగా నీటిలో ఉడుకుతున్న మాంసానికి ఎర్రగా వేగిన రుచి రాదు, ఎందుకంటే మామూలు గిన్నెలో నీరున్నంతసేపు వేడి 100 డిగ్రీల సెల్సియస్ దాటదు, ఈ కుక్కరు ఒత్తిడిలో కూడా సుమారు 115 నుంచి 118 డిగ్రీల దగ్గరే ఆగుతుంది; ఆ వేగిన రంగు, వాసన చురుగ్గా రావడానికి దాదాపు 140 డిగ్రీలు కావాలి. అందువల్ల ఒత్తిడి మాంసాన్ని మెత్తబరుస్తుంది, అంతే. కూర తయారయ్యేది మూత పెట్టకముందు, మూత తీసిన తరువాత.

ఇప్పుడు నేను చేసే పద్ధతి చెబుతాను. అర కిలో ఖీమాకు మూడు పెద్ద చెంచాల నూనెను వేపుడు బటన్ మీద బాగా కాగనిచ్చి, లవంగాలు, చెక్క, రెండు ఏలకులు, సన్నగా తరిగిన రెండు ఉల్లిపాయలు వేసి బంగారు రంగు వచ్చేదాకా వేయిస్తాను. చెంచాన్నర అల్లం వెల్లుల్లి ముద్ద పచ్చివాసన పోయాక, ఖీమా, పసుపు, ఉప్పు వేస్తాను. అసలు పని ఇక్కడే ఉంది. ఖీమా వేసిన వెంటనే ముద్దగా మారి నీరు వదులుతుంది. గిన్నెలో నీళ్ల బుడగల చప్పుడు వినబడుతుంది. మీరు చెక్క గరిటెతో చిదుపుతూ ఏడెనిమిది నిమిషాలు ఓపిక పట్టాలి. నీరు ఇగిరిన క్షణాన ఆ చప్పుడు మారి, నూనెలో చిటపటలు మొదలవుతాయి, నీచు వాసన పోయి వేగిన వాసన వస్తుంది. ఆ చప్పుడు వినేదాకా తరువాతి పనికి వెళ్లకండి.

అప్పుడు అర కప్పు వేడినీళ్లు పోసి, గిన్నె అడుగంతా చెక్క గరిటెతో గీకాలి. అంటుకున్నదంతా ఊడి నీళ్లలో కలుస్తుంది. కూరకు రంగు ఇచ్చేది అదే, ‘బర్న్’ రాకుండా కాపాడేది కూడా అదే. అడుగు మరీ వేడెక్కినట్టు లోపలి పరికరం పసిగడితే కుక్కరు ఆగిపోతుంది. అడుగున ఏదీ అంటుకోకపోతే ఆ గొడవే ఉండదు. మా కుక్కరుతో వచ్చిన పుస్తకంలో కనీసం ఒక కప్పు నీరు పోయాలని ఉంది గానీ, టమాటా వదిలే నీరు కూడా కలుస్తుంది కనుక నాకు అర కప్పు ఎన్నడూ తక్కువ కాలేదు. రెండు చెంచాల గుంటూరు కారం, రెండు చెంచాల ధనియాల పొడి, తరిగిన టమాటా పైన వేసి, కలపకుండానే మూత పెడతాను. మేక ఖీమాకు ఒత్తిడిలో ఐదు నిమిషాలు చాలు. కోడి ఖీమాకైతే అసలు ఒత్తిడే అక్కర్లేదు.

వీడియోలవాళ్ల మీద నా కోపమంతా ఈ ఐదు నిమిషాల గురించే. ఒత్తిడి ఎక్కడానికి పట్టే ఏడెనిమిది నిమిషాలు, దిగడానికి మరో ఐదు, వేపుడు, ఇగరబెట్టడం ఏవీ లెక్కలోకి తీసుకోకుండా ‘ఐదు నిమిషాల ఖీమా’ అని పేరు పెడతారు; ఆ పేరు నమ్మి ఆకలితో ఉన్న పిల్లలను పక్కన పెట్టుకుని వండేవాళ్లు ఎంత అవస్థ పడతారో వాళ్లు ఆలోచించరు. గడ్డకట్టిన ఖీమాను అలాగే ముద్దగా కుక్కరులో వేసేయమని చెప్పేవాళ్లు ఇంకా పెద్ద తప్పు చేస్తున్నారు. మాంసాన్ని కొట్టినప్పుడు పైనున్న సూక్ష్మక్రిములు లోపలికంతా కలుస్తాయి కనుక, మేక ఖీమా మధ్యలో కూడా 71 డిగ్రీలకు చేరాలని అమెరికా వ్యవసాయ శాఖ చెబుతుంది. ఆ శుక్రవారం మా గిన్నెలో మధ్యభాగం పచ్చిగా ఉండడం నేను కళ్లారా చూశాను, అదేమీ గడ్డకట్టిన ఖీమా కూడా కాదు.

ఒత్తిడి దిగి మూత తీశాక కూర పలచగా కనిపిస్తుంది, కంగారు పడకండి. మళ్లీ వేపుడు బటన్ నొక్కి, చీల్చిన నాలుగు పచ్చిమిరపకాయలు వేసి, నూనె అంచుల్లో తేలేదాకా ఇగరబెట్టండి. గసగసాలు, కొబ్బరి నూరిన ముద్ద వేయదలిస్తే ఇప్పుడే వేయాలి; ముందే వేస్తే అది అడుగుకు దిగి మాడుతుంది. గరం మసాలా, అర చెంచా మిరియాల పొడి, కొత్తిమీర చివరి నిమిషంలో వేస్తాను. ఒత్తిడిలో ఉడికిన కారానికి మంట ఉంటుంది గానీ ఘాటు వాసన ఉండదని నా అనుభవం. ఆ వాసన కోసమే పచ్చిమిర్చి, మిరియాలు చివరికి ఉంచుతాను. మూతలోని రబ్బరు చుట్టుకు మసాలా వాసన పట్టి వదలదు కనుక, పాయసానికి వేరొకటి కొని పెట్టుకోండి.

తిరిగి వెళ్లేటప్పుడు అత్తయ్యగారు అలాంటి కుక్కరు ఒకటి తీసుకెళ్తానన్నారు. ఇక్కడివి 120 వోల్టులకు చేసినవి, మన దగ్గర 230 వోల్టులు వస్తుంది, పెట్టగానే కాలిపోతుందని చెప్పి వద్దన్నాము. ఆవిడ భీమవరంలో ఇప్పటికీ ఇనుప మూకుడులోనే కైమా ఇగరబెడతారు. ఈ రోజు ఖీమా వండానని నేను ఫోనులో చెబితే, నీళ్లు ఎన్ని పోశావని ముందు అడుగుతారు.